బరువు తగ్గించే శస్త్రచికిత్స : నొప్పి ఉండదని చెప్పవద్దు

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరాలలో ప్రధాన కూడళ్ళ వద్ద స్థూలకాయానికి శస్త్రచికిత్స చేస్తామనే ప్రకటనలు తరచు కనిపిస్తున్నాయి. వాటి సారాంశము ఇంచుమించు ఒక్కటే : కోత ఉండదు, నొప్పి ఉండదు, మూడవ రోజున ఇంటికి పోవచ్చు, వారము తిరగకుండా ఉద్యోగములో చేరవచ్చు. ఈ నాలుగు మాటలలో మూడవది చాలామంది విషయములో నిజమే. నాలుగవది కొందరి విషయములో నిజము. మొదటి రెండూ మాత్రము నిజము కావు. కోత చిన్నదవుతుంది గాని లేకుండా పోదు. నొప్పి తగ్గుతుంది గాని లేకుండా పోదు.

'రోగికి ధైర్యము చెప్పటానికి అన్న మాటే గదా, దానిలో తప్పేమున్నది?' అనే వైద్యమిత్రులు ఉన్నారు. నేను వారితో ఏకీభవించను. నొప్పి ఎక్కడ పుడుతుంది, ఎంత ఉంటుంది, ఎన్నాళ్ళు ఉంటుంది అని ముందుగా చెప్పటము మర్యాదకు చేసే పని కాదు, అది చికిత్సలో ఒక భాగము. ఆ భాగాన్ని వదలివేస్తే మామూలు నొప్పికి బెంబేలు పడేవారు కొందరు, ప్రమాదకరమైన నొప్పిని మామూలుదే అనుకొని పళ్ళబిగువున భరించేవారు కొందరు తయారవుతారు. మొదటివారికి పోయేది నిద్ర మాత్రమే. రెండవవారికి ప్రాణమే పోవచ్చును.

ఈ శస్త్రచికిత్స ఎవరికి?

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. చర్మము క్రింది కొవ్వును గొట్టముతో లాగివేసే లైపోసక్షన్ వేరు, ఇది వేరు. లైపోసక్షన్ ఆకృతి కొఱకు చేసేది. స్థూలకాయ శస్త్రచికిత్స వ్యాధి నివారణకు చేసేది. దీనిలో మన దేశములో ఎక్కువగా చేసేవి రెండు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయములో 75 నుంచి 80 శాతము వఱకు తొలగించి మిగిలిన దానిని అరటికాయ ఆకారములో సన్నని గొట్టముగా ఉంచుతారు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయపు పైభాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిగా వేరుచేసి, దానిని చిన్నప్రేగుకు నేరుగా కలుపుతారు.

ఎత్తునకు తగిన బరువును కొలిచే బీఎంఐ 40 దాటినవారికి, లేక 35 దాటి మధుమేహము, రక్తపు పోటు, నిద్రలో శ్వాస ఆగుట వంటి వ్యాధులున్నవారికి ఈ చికిత్స చేయవచ్చునని 1991 లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సమావేశము నిర్ణయించింది. 2022 లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు ఆ హద్దులను తగ్గించాయి. ఆసియా వాసులలో తక్కువ బరువుకే మధుమేహము, హృద్రోగాలు వస్తాయి గనుక మనకు 27.5 నుంచే పరిశీలించవచ్చునని అవి సూచించాయి. పరిశీలించవచ్చును అంటే అందఱికీ చేయవచ్చునని అర్థము కాదు. ఆహారనియమము, వ్యాయామము, మందులు ఫలించనప్పుడే ఈ ఆలోచన రావాలి.

నేను ఈ శస్త్రచికిత్సకు వ్యతిరేకిని కాను. స్వీడన్ దేశములో 1987 లో మొదలుపెట్టి, శస్త్రచికిత్స చేయించుకున్నవారినీ చేయించుకోనివారినీ కలిపి ఇంచుమించు నాలుగువేల మందిని ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధన ఫలితాలు 2007 లో వెలువడ్డాయి. చేయించుకున్నవారిలో మరణాలు తక్కువని అది చూపింది. చాలామందికి మధుమేహము అదుపులోకి వస్తుంది, మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయి, గుఱక పోయి నిద్ర పడుతుంది. ఇంత మేలు చేసే చికిత్సకు అబద్ధపు ప్రకటన అవసరము లేదన్నదే నా వాదన.

నొప్పి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడు ఈ శస్త్రచికిత్సలు దాదాపు అన్నీ లాపరోస్కోపీ పద్ధతిలో జరుగుతున్నాయి. పొట్ట మీద నాలుగైదు చిన్న రంధ్రాలు చేస్తారు. ఆ రంధ్రాల వద్ద చర్మము, కండరము తెగుతాయి గనుక అక్కడ నొప్పి ఉంటుంది. స్లీవ్‌లో తొలగించిన జీర్ణాశయ భాగాన్ని ఒక రంధ్రము గుండా బయటకు లాగుతారు. ఆ ఒక్క చోట మిగిలిన చోట్లకంటె నొప్పి ఎక్కువగా ఉంటుంది. పక్కకు తిరిగినప్పుడు, దగ్గినప్పుడు, మంచము మీద నుంచి లేచినప్పుడు అక్కడ పొడిచినట్లు ఉంటుంది. చిన్న దిండును పొట్టకు అదిమి పట్టుకొని దగ్గితే చాలా ఉపశమనము కలుగుతుంది.

రెండవది భుజపు నొప్పి. 'పొట్టకు ఆపరేషను చేస్తే భుజము ఎందుకు నొప్పి పుడుతున్నది?' అని రోగులు ఆశ్చర్యపోతారు. శస్త్రచికిత్సలో పొట్టను బొగ్గుపులుసు వాయువుతో ఉబ్బిస్తారు. ఆ వాయువు, పొట్ట సాగుట, రెండూ ఛాతీకీ పొట్టకూ మధ్యనున్న డయాఫ్రమ్ పొరను రేపుతాయి. ఆ పొరకు వెళ్ళే నాడి మెడలో పుడుతుంది. భుజపు చర్మానికి వెళ్ళే నాడులు కూడా అక్కడి నుంచే బయలుదేరుతాయి. అందువలన పొర దగ్గఱ పుట్టిన బాధను మెదడు భుజపు నొప్పిగా భావిస్తుంది. ఇది సాధారణముగా రెండు, మూడు రోజులలో తగ్గిపోతుంది. లేచి నడిచేవారిలో త్వరగా తగ్గుతుంది.

మూడవది లోపలి బాధ. మ్రింగిన నీరు రొమ్ముటెముక వెనుక పట్టివేసినట్లు ఉండుట, వికారము, డోకులు. స్లీవ్ చేయించుకున్నవారిలో తొలి ఒకటి రెండు రోజులు ఇది బాగా కనిపిస్తుంది. కొందరు నొప్పికంటె ఈ వికారమే ఎక్కువ బాధించిందని చెబుతారు.

మొదటి రోజు, రెండవ రోజు నొప్పి ఎక్కువ. మూడవ రోజు నుంచి దిగుతుంది. వారము నాటికి చాలామందికి పారాసిటమాల్ మాత్రతో సరిపోతుంది. రెండు, మూడు వారాల నాటికి నొప్పి తగ్గి నీరసము మిగులుతుంది. కూర్చుని చేసే ఉద్యోగానికి రెండు నుంచి నాలుగు వారాలలో వెళ్ళవచ్చును. నీళ్ళ బిందెలు, బియ్యపు బస్తాలు ఎత్తటము, పసిపిల్లలను చంకనెత్తుకొనటము నాలుగు నుంచి ఆరు వారాల వఱకు మానాలి. ఇవన్నీ సుమారు లెక్కలే. అందఱి దేహాలు ఒకే క్యాలెండరు చూసుకొని నడవవు. కాని ఒక సూత్రము అందఱికీ వర్తిస్తుంది : నిన్నటికంటె నేడు నొప్పి తగ్గాలి. తగ్గిన నొప్పి మఱల పెరిగినా, కొత్త చోట కొత్త నొప్పి పుట్టినా అది మామూలు నొప్పి కాదు.

ఏ నొప్పిని భరించకూడదు?

మా బంధువర్గములో నలభై ఏళ్ళ వ్యక్తి ఒకరు నగరములో స్లీవ్ చేయించుకొని నాలుగవ రోజున సొంత ఊరికి వచ్చారు. ఆరవ రోజున ఎడమ భుజము నొప్పి, ఆయాసము మొదలయ్యాయి. భుజము నొప్పి గ్యాసు వలన వస్తుందని ఆసుపత్రిలో ఎవరో చెప్పి ఉన్నారు. అది తొలి రోజుల మాట అని మాత్రము చెప్పలేదు. ఆయన భార్య నాకు ఫోను చేసి, "బాబాయి గారూ, గ్యాసే గదా అని వాము నీళ్ళు ఇచ్చాను, తగ్గటము లేదండీ" అన్నది. నాడి లెక్కపెట్టమన్నాను. నిమిషానికి 128. వెంటనే బయలుదేరమన్నాను. జీర్ణాశయపు కుట్టు దగ్గఱ చిన్న చిల్లి పడి, ఎడమ డయాఫ్రమ్ క్రింద చీము చేరింది. గొట్టము పెట్టి చీము తీసి, వారాల తరబడి చికిత్స చేస్తే ఆయన బ్రతికి బట్టకట్టారు.

ఈ కారుటను శస్త్రవైద్యులు లీక్ అంటారు. ఇది నూటికి ఒకరికి అటూ ఇటూగా జరిగే ఉపద్రవము. అరుదే, కాని చాలాసార్లు రోగి ఇంటికి చేరిన తరువాతనే బయటపడుతుంది. స్థూలకాయులలో పొట్ట బిగుసుకొనటము వంటి సామాన్య లక్షణాలు పైకి తెలియకపోవచ్చును. చాలామందిలో ముందుగా చెప్పేది నాడియే. అందువలన ఇంటివారికి నాడి లెక్కపెట్టటము నేర్పి పంపాలి. విశ్రాంతిలో నిమిషానికి 120 దాటిన నాడి, జ్వరము, చలి, పెరుగుతున్న పొట్టనొప్పి, కొత్తగా వచ్చిన ఎడమ భుజపు నొప్పి, ఆయాసము, ఏదో కీడు జరుగబోతున్నదనే ఆందోళన, వీటిలో ఏది ఉన్నా తెల్లవారేదాకా ఆగకూడదు.

పిక్కలో నొప్పి, వాపు కూడా అటువంటివే. కదలకుండా పడుకున్నవారి కాళ్ళ సిరలలో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే క్షణాలలో ప్రాణము పోవచ్చును. శస్త్రచికిత్స జరిగిన సాయంత్రమే నర్సులు లేపి నడిపించేది ఇందుకే. 'ఇంత నొప్పిలో నడిపిస్తున్నారు, జాలి లేదు' అని బంధువులు కోప్పడుతుంటారు. ఆ నడకే నిజమైన జాలి. మూడు బంతుల పరికరముతో ఊపిరి పీల్చమని చెప్పేది ఊపిరితిత్తులలో నిమ్ము చేరకుండా ఉండటానికి. ఇవి చేయాలంటే నొప్పి అదుపులో ఉండాలి. అందువలన నొప్పి ఉన్నదని నోరు తెరచి చెప్పటము బలహీనత కాదు, రోగి బాధ్యత.

మందుల విషయములో జాగ్రత్త

మన ఊళ్ళలో ఒక అలవాటు ఉన్నది. ఒళ్ళు నొప్పి అంటే ఆర్‌ఎంపీ దగ్గఱ నొప్పి ఇంజెక్షను, లేదా మందుల దుకాణములో చీటీ లేకుండా రెండు మాత్రలు. ఆ ఇంజెక్షను చాలాసార్లు డైక్లోఫెనాక్. ఆ మాత్రలు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటివి. బైపాస్ చేయించుకున్నవారిలో ఇవి జీర్ణాశయపు సంచినీ ప్రేగునూ కలిపిన చోట పుండు పుట్టించవచ్చును. ఆ పుండు రక్తము కారవచ్చును, చిల్లి పడవచ్చును. పొగత్రాగేవారిలో ఆ ముప్పు మఱింత ఎక్కువ. పదేళ్ళ తరువాత మోకాలు నొప్పికి వేసుకున్నా ప్రమాదము ప్రమాదమే. స్లీవ్ చేయించుకున్నవారు కూడా తమ శస్త్రవైద్యుని అడగకుండా ఈ మందులు వాడకూడదు. గుండెకు ఆస్పిరిన్ వాడుతున్నవారు మాత్రము తమంతట తాము దానిని మానకూడదు, వైద్యుని అడగాలి.

నల్లమందు జాతికి చెందిన బలమైన నొప్పి మందులు ఎందుకు ధారాళముగా ఇవ్వరని కొందరు అడుగుతారు. బరువు ఎక్కువగా ఉన్నవారిలో చాలామందికి నిద్రలో శ్వాస ఆగే వ్యాధి ఉంటుంది. ఆ మందులు శ్వాసను ఇంకా మందగింపజేస్తాయి, వికారమును, మలబద్ధమును పెంచుతాయి. అందుచేత పారాసిటమాల్, కోత చుట్టూ తిమ్మిరి ఇంజెక్షను వంటి నాలుగైదు పద్ధతులు కలిపి, బలమైన మందులను అవసరమైనంత మేరకే ఇవ్వటము నేటి పద్ధతి. మత్తు ఇచ్చే వైద్యుని కలిసినప్పుడు 'నాకు నొప్పికి ఏమేమి ఇస్తారు?' అని తప్పక అడగండి.

మధుమేహానికి, రక్తపు పోటుకు ముందు వాడుతున్న మందుల మోతాదులు కూడా మారుతాయి. ఆహారము తగ్గిపోయినా పాత మోతాదు ఇన్సులిన్ వేసుకుంటే చక్కెర ప్రమాదకరముగా పడిపోతుంది.

రహస్యము వద్దు

ఈ శస్త్రచికిత్సను చాలామంది రహస్యముగా చేయించుకుంటున్నారు. పెళ్ళి కావలసిన ఆడపిల్లల విషయములో మఱీ ఎక్కువ. అత్తవారికి తెలియకూడదు, కార్యాలయములో తెలియకూడదు, పక్కింటివారికి తెలియకూడదు. ఎవరికి చెప్పాలో చెప్పకూడదో వారి ఇష్టము. అయితే ఇంట్లో కనీసము ఇద్దరికి, ఊరిలో ఒక వైద్యునికి తెలిసి తీరాలి. లేకపోతే రాత్రివేళ కడుపు నొప్పి వచ్చినప్పుడు కొత్త వైద్యునికి సగము కథే తెలుస్తుంది.

దీనికి ఒక ఉదాహరణ చెబుతాను. శస్త్రచికిత్స తరువాత వారాల తరబడి వాంతులు అవుతుంటే దేహములోని థయమిన్ అనే బీ1 విటమిన్ రెండు మూడు వారాలలోనే అడుగంటుతుంది. చూపు రెండుగా కనబడుట, నడక తూలుట, మతి తప్పుట వస్తాయి. అటువంటి వ్యక్తికి నీరసమని గ్లూకోజు సీసా ఒక్కటే ఎక్కిస్తే పరిస్థితి ఇంకా విషమించవచ్చును. థయమిన్ ఇంజెక్షను ముందుగా గాని, దానితోపాటు గాని ఇవ్వాలి. శస్త్రచికిత్స సంగతి తెలియని వైద్యునికి ఈ ఆలోచన ఎలా వస్తుంది? కాబట్టి ఏ శస్త్రచికిత్స, ఏ తేదీన, ఏ వైద్యుడు చేశారు, ఏ మందులు పనికిరావు అన్నవి వ్రాసిన కాగితము ఎప్పుడూ దగ్గఱ ఉండాలి.

నొప్పి తగ్గిన తరువాత

నొప్పి తగ్గటముతో కోలుకొనటము పూర్తి కాదు. తొలి రెండు వారాలు ద్రవాహారమే : నీళ్ళు, కొబ్బరినీళ్ళు, పలుచని మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు, పాలు. తరువాత జావలు, మెత్తగా మెదిపిన పప్పు, గుడ్డు, పెరుగు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు గాని మామూలు ఆహారము రాదు. నీరు గుక్కెడు గుక్కెడుగా రోజంతా త్రాగాలి, భోజనముతో కలిపి త్రాగకూడదు. రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా మాంసకృత్తులు చేరాలి. అన్నమే ప్రధానమైన మన భోజనములో ఇది తేలిక కాదు. 'ఇంకొక్క ముద్ద' అని ప్రేమతో వడ్డించే ఇల్లాలు ఈ విషయములో ఆ ప్రేమను దాచుకోవాలి. ఒక ముద్ద ఎక్కువైతే వచ్చేది నొప్పి, వాంతి.

మూడవ నెల నుంచి ఆరవ నెల వఱకు జుట్టు రాలవచ్చును. చాలామందికి తిరిగి వస్తుంది. బరువు కొన్ని వారాలు కదలకుండా నిలిచిపోవచ్చును. మనసు దిగులుపడవచ్చును. తినటములో ఊరట వెతుక్కున్నవారికి ఆ ఊరట ఒక్కసారిగా పోతుంది గదా! ఐరన్, బీ12, డీ విటమిన్, కాల్షియము వైద్యులు చెప్పినట్లు జీవితాంతము వాడాలి. గర్భధారణను 12 నుంచి 18 నెలలు వాయిదా వేయాలి.

కొన్ని నొప్పులు ఆలస్యముగా వస్తాయి. బరువు వేగముగా తగ్గేటప్పుడు పిత్తాశయములో రాళ్ళు ఏర్పడి కుడి డొక్క పైభాగములో నొప్పి రావచ్చును. బైపాస్ జరిగినవారిలో నెలలు, ఏళ్ళు గడిచాక కూడా ప్రేగు లోపలి సందులలో దూరి చిక్కుకొని మెలిపెట్టే నొప్పి రావచ్చును. ఇది అత్యవసరముగా చూడవలసిన విషయము. 'ఆపరేషను అయి మూడేళ్ళయింది, దానికీ దీనికీ ఏమి సంబంధము?' అనుకోరాదు.

అడ్డదారి అనేవారికి

కష్టపడకుండా సన్నబడటానికి ఇది అడ్డదారి అని ఎద్దేవా చేసేవారున్నారు. పైన వ్రాసినది చదివినవారికి ఇందులో ఎంత కష్టము ఉన్నదో తెలిసే ఉంటుంది. స్థూలకాయము సోమరితనము కాదు. వంశపారంపర్యము, హార్మోనులు, ఆహారము, నిద్ర, పరిసరాలు కలిసి తెచ్చే వ్యాధి అది. దానికి చికిత్స చేయించుకున్నవారు నొప్పిని శిక్షగా అనుభవించాలని కోరుకొనటము అమానుషము. నొప్పి లేదనే వ్యాపారి, నొప్పి పడాల్సిందే అనే బంధువు, ఇద్దరూ రోగి నోరు నొక్కేవారే.

ఏమి చేయాలి?

శస్త్రచికిత్స చేసే ఆసుపత్రులు ఈ నాలుగు పనులు చేయాలని నా అభిప్రాయము. నొప్పి ఏ రోజున ఎంత ఉంటుందో, ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో, ఏ లక్షణానికి పరుగెత్తి రావాలో తెలుగులో వ్రాసి ఇవ్వాలి. రాత్రి పగలు పలికే ఫోను నంబరు ఇవ్వాలి. దూరపు ఊళ్ళవారిని వారము పది రోజులు దగ్గఱలోనే ఉండమని చెప్పాలి. ఉపద్రవము వస్తే అయ్యే ఖర్చు ప్యాకేజీలో చేరి ఉన్నదో లేదో ముందే చెప్పాలి. రోగులు కూడా ఈ నాలుగూ అడిగి, సమాధానాలు విన్న తరువాతనే సంతకము చేయాలి.

'నొప్పి ఉంటుంది, ఇన్నాళ్ళు ఉంటుంది, దానికి మా దగ్గఱ ఉపాయము ఉన్నది, ఇది దాటితే మాత్రము వెంటనే రండి' అని చెప్పే వైద్యుని చూసి భయపడవలసిన పని లేదు. 'నొప్పే ఉండదు' అనే వైద్యుని మాత్రము మఱి రెండు ప్రశ్నలు అడగండి.

( ఈ వ్యాసము అవగాహన కొఱకు మాత్రమే. చికిత్స విషయములో మీ వైద్యులను సంప్రదించండి. )